దాహంతో వచ్చేవారి దారి

కర్నాటకలో నాగరహొళె, బందీపూర్ అడవుల నడుమ కబిని జలాశయం ఉంది. వేసవిలో అడవిలోని కుంటలు ఎండిపోతాయి. జలాశయంలో నీరు తగ్గిన మేర ఒడ్డున లేతపచ్చిక మొలుస్తుంది. ఆ నీటి కోసం, మేత కోసం ఏనుగులు గుంపులుగా అక్కడికి చేరుకుంటాయి. వాటిని చూడటానికి మనం వెళ్తాం. ఒడ్డున బస చేస్తాం, పడవల్లో తిరుగుతాం.

ఇలా ఆనందించడం ధర్మసమ్మతమేనా? నిస్సందేహంగా ధర్మసమ్మతమే. ఒంటెను, ఆకాశంలో ఎగిరే పక్షులను గమనించమని దివ్యఖుర్ఆన్ మనల్ని పిలుస్తోంది. సృష్టిని చూసి సృష్టికర్తను స్తుతించడం విశ్వాసి లక్షణం.

అయితే ఒక విషయం ఆలోచించాలి. మనకు వినోదమైన ఆ దృశ్యం వాటికి ప్రాణావసరం. దాహమే వాటిని మన కళ్లముందుకు తెచ్చింది. జంతువులు, పక్షులు కూడా మనలాంటి సముదాయాలేనని ఖుర్ఆన్ (6:38) తెలుపుతోంది. అలాంటప్పుడు ఆ ఒడ్డు వాటి ఇల్లు, మనం అతిథులం. అనుమతి లేనిదే ఇతరుల ఇళ్లలోకి అడుగుపెట్టరాదని నేర్చుకున్న మనం అక్కడ కేకలు వేయడం, సీసాలు పారేయడం, ఫోటో కోసం గుంపుకూ నీటికీ మధ్యకు పడవను పోనివ్వమనడం ఏం మర్యాద?

దప్పికతో ఉన్న కుక్క కోసం ఒకతను బావిలోకి దిగి, తన పాదరక్షలో నీళ్లు తెచ్చి తాగించాడు. అల్లాహ్ అతన్ని క్షమించాడని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. ఏనుగుకు మనం నీళ్లు తోడి పోయలేం. కనీసం దాని దారికి అడ్డు రాకుండా ఉండగలం. పిల్లలకు ఈ మాట బయలుదేరక ముందే చెబుదాం.

అల్లాహ్ మనకు చూసే కళ్లతోపాటు కరుణించే హృదయాన్ని కూడా ప్రసాదించుగాక!