దీవెన క్రయమా, దానమా?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములయందలి క్రైస్తవ గృహములలో ప్రార్థన జరుగునపుడు తఱచుగ వినవచ్చు మాట "దీవెన" యనునది. క్రొత్త యింట ప్రవేశించునపుడును, బిడ్డ పరీక్షకు బయలుదేరునపుడును, చేనిలో నాట్లు మొదలగునపుడును, రోగి మంచము ప్రక్కను కుటుంబమంతయు తలలు వంచి దేవుని దీవెన వేడుకొనును. తక్కిన మతములవారు ఆశీర్వాదమనియు, అనుగ్రహమనియు పేళ్లుపెట్టి కోరునదియు నిదియే. తన బలమునకు మేర యున్నదని మనుష్యుడు తెలిసికొన్నచోట ఈ ప్రార్థన పుట్టును; కావున దీనిని పరిహసించుట వివేకము గాదు. అయినను దీవెన యడుగువాడు నిజముగ దేనిని అడుగుచున్నాడు? దానికి తానేమి చెల్లింపవలెనని తలంచుచున్నాడు? ఈ రెండు ప్రశ్నలను నిష్పక్షపాతముగ విచారించుటయే మా యుద్దేశము.

లోకములో పెక్కుమంది దేవునితోడి సంబంధమును క్రయవిక్రయముగ భావింతురు. ఉపవాసమునకు ఉద్యోగము, దశమభాగమునకు పంట, కానుకకు సంతానము ప్రతిఫలముగ రావలెనని వారి లెక్క. ఇది క్రైస్తవుల యందు మాత్రమే కనబడు దోషము గాదు. ముడుపు కట్టి మ్రొక్కుకొనువారి లెక్కయు నిట్టిదే. ఈ లెక్కవలన మనస్సునకు రెండు రోగములు కలుగును. కోరినది దొరికినవాడు అది తన భక్తికి వచ్చిన కూలి యని గర్వించును. దొరకనివాడు తన విశ్వాసములోనే లోటున్నదని క్రుంగిపోవును; ఇరుగుపొరుగువారును అట్లే యని చెవులు కొఱుకుకొందురు. కష్టములోనున్నవానికి ఓదార్పు కావలసిన మతము వానిపై నేరారోపణ చేయును. ఇంతకంటె క్రూరమైన పని మతమునకు మఱియొకటి గలదా?

న్యాయస్థానములలో వ్యవహరించువారికి క్రయమునకును దానమునకును గల భేదము సుపరిచితము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము ప్రతిఫలము లేక, స్వేచ్ఛగ ఇయ్యబడునది దానము. దాత ఇచ్చినంతమాత్రమున అది పూర్తి కాదు. గ్రహీత దానిని అంగీకరింపవలెను. క్రైస్తవ గ్రంథములు కృప యని చెప్పునది ఈ రెండవ తెగకు చేరినది. యోగ్యత చూడక ముందుగ ఇయ్యబడినదానికే కృప యని పేరు. ధర చెల్లించి పుచ్చుకొన్నచో అది కృప యెట్లగును? ప్రార్థన ధర కాదు, చాచిన చేయి.

ఈ భేదము మాటలలోని సూక్ష్మము మాత్రమే యని కొందఱు తలంపవచ్చును. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని స్మరించినచో అట్లు తలంపజాలరు. ఆనాడు కృష్ణా తీరమును తాకిన తుపానుతో సముద్రము ఉప్పెనయై దివిసీమ మీద పడెను. రేపల్లె, బాపట్ల ప్రాంతములును దాని దెబ్బ తినెను. మృతులు పదివేలకు తక్కువ కారు. బాపట్లలో ఒక ప్రార్థనామందిరమున తలదాచుకొన్నవారు ఆ మందిరమే కూలి మరణించిరి. దీవెన వేడుకొను స్థలమే వారికి మృత్యుస్థలమయ్యెను. క్రయవాదిని అడుగుదము: వీరి చెల్లింపులో కొఱత యేమి? ఆ రాత్రి బ్రదికినవారు అధికముగ చెల్లించినవారా? ఈ ప్రశ్నకు ఔనని చెప్పగల నోరు మాకు లేదు. ఏ సహృదయునికిని ఉండదని మా నమ్మకము.

యేసు కాలముననే యిట్టి ప్రశ్న వచ్చినది. సిలోయము నందొక గోపురము కూలి పదునెనిమిదిమంది మరణించిన వృత్తాంతము లూకా సువార్తలో గలదు. వారు తక్కిన యెరూషలేము వాసులకంటె పాపాత్ములా యని యేసు ప్రశ్నించి, కారని తానే స్పష్టపఱచెను. వినువారు చచ్చినవారి పాపముల లెక్క కట్టుట మాని, తమ హృదయములను సరిచేసికొనవలెనని హెచ్చరించెను. యోబు మిత్రులు చేసిన తప్పును ఇదియే. వారు స్నేహితుని బూడిదలో కూర్చుండగ చూచి, కన్నీరు తుడుచుటకు మాఱుగ ఖాతాపుస్తకము విప్పిరి.

అట్లయిన అడుగుట యేల యని ఆక్షేపము రావచ్చును. ఇది త్రోసివేయదగిన ఆక్షేపము గాదు. గెత్సేమనే తోటలో యేసు తన బాధ తొలగిపోవలెనని ప్రార్థించెను, అది తొలగలేదు. కాని లేచినపుడు పారిపోలేదు. ఇచటనే దీవెన యొక్క నిజస్వరూపము కనబడుచున్నది. బిడ్డ తల్లిని అడుగును. అడుగుటచేతనే తల్లికి దగ్గఱయగును. తల్లి ఒక్కొక్కపుడు ఇచ్చును, ఒక్కొక్కపుడు ఇయ్యదు. అయినను బిడ్డను విడువదు. అన్నమును, ఆరోగ్యమును అడుగుట తప్పు గాదు. అవి రాకున్నచో దేవుడు బాకీ యెగవేసెనని తలంచుటయే తప్పు.

దీవెనను ధరనుండి వేఱుచేసిన యుదాహరణము మన జిల్లాలకు సమీపముననే గలదు. 1876–78 కరవుకాలములో ఒంగోలు నందలి అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు గైకొని, ఆకలిగొన్నవారికి పని చూపెను. ఆ కాలమున బాప్తిస్మము కోరి వచ్చువారు పెక్కురుండిరి. సంఖ్యలు పెంచుకొనుటకు అంతకంటె మంచి సమయము దొరకదు. ఆయన మాత్రము కూలి యిచ్చుచున్నన్నాళ్లు బాప్తిస్మము లాపివేసెను. ఆ పని ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3వ తేదీని, ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మములు జరిగెను. వారందఱి మనోగతము మనకు తెలియదు. కాని అన్నమును విశ్వాసమునకు వెలగ పెట్టినచో అన్నమును చెడును, విశ్వాసమును చెడునని ఆయన గ్రహించినట్లు మాకు తోచుచున్నది.

దానమునకు ధర లేదు గాని భారము గలదు. ముందు చెప్పిన చట్టమందే భారముతో గూడిన దానమును గూర్చిన విధియొకటి గలదు: అట్టి దానములో లాభమును గైకొని భారమును త్రోసివేయుటకు గ్రహీతకు హక్కు లేదు. దైవానుగ్రహమును ఇట్టిదే. అబ్రాహాము దీవింపబడినది తానొక్కడు సుఖించుటకు గాదు, తనవలన సమస్త జనములకు మేలు కలుగుటకు.

మన డెల్టా రైతునకు ఈ సంగతి వేఱుగ బోధింప నక్కఱలేదు. బెజవాడయొద్ద 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తియైనది. దాని స్థానమున 1957లో ప్రకాశము బరాజు వెలసినది. అచటినుండి పశ్చిమపు కాలువలలో దిగు నీరు తెనాలి చేలను తడిపి రేపల్లె, బాపట్ల వైపు సముద్రముదాక పోవలెను. ఆ నీరు పొలముగలవాని మతమడుగదు, కులమడుగదు. కాని ఎగువ రైతు తన తూము మాత్రమే చూచుకొన్నచో శివారు భూమి ఎండును. ఎగువవాని చేనిలో నీరు నిలిచి మురుగును. దిగువవాని చేను నెఱ్ఱెలు విచ్చును. నీరు ఒక్కటియే, ఒకచోట అతివృష్టి, ఒకచోట అనావృష్టి. తప్పు నదిది గాదు.

కావున చదువరులారా, మనకు దీవెన వచ్చినదో లేదో పరీక్షించుటకు మన ధాన్యపు గాదెను గాక మన తూమును చూడవలెను. ఉద్యోగము దొరికినదని స్తోత్రము చెల్లించి, పనివాని కూలిలో కోత పెట్టు గృహము దీవెనను పట్టి మురుగబెట్టుచున్నది. దేవుడందఱికి తండ్రి యని పాడి, వివాహమునకు కులమడుగు గృహమును అంతే. బిడ్డను పోగొట్టుకొన్న పొరుగింటివారితో "మీ విశ్వాసము చాలలేదు" అనక, మౌనముగ వారి ప్రక్క కూర్చుండువాడు దీవెన పొందినవాడు. పొందినదానిని దిగువకు విడిచినవాడు. దేవుని అనుగ్రహము కోరువారు ప్రార్థనలో "నాకేమి యిచ్చెదవు?" అను ప్రశ్నతో ఆగక, "నాద్వారా ఎవరికి పంపెదవు?" అనియు అడుగుదురు గాక. మొదటి ప్రశ్నకు జవాబు ఆలస్యము కావచ్చును. రెండవదానికి జవాబు చాలవఱకు మన వీధిలోనే కనిపెట్టుకొని యుండును.