బాకీయున్నవారు బల్లయొద్దకు రాకూడదా?

ధ్యానభాగము: మత్తయి 17:24–27



గత జూలై మాసమున మా సంఘములో జరిగిన ఒక సంగతి వ్రాయుచున్నాను. అది నాకు గౌరవము తెచ్చునది కాదు. సంస్కారపు ఆదివారమున ఒక మామ్మ బల్లయొద్దకు రాక గుడి బయట వేపచెట్టు క్రింద కూర్చుండెను. కారణమడిగితిని.

“అయ్యగారండీ, మూడు నెలల చందా బాకీ ఉందండి. మామిడి కోతలైపోయినయ్యి, వాన లేక నాట్లు పడలేదు. తలుపు మీద నా పేరు కూడా రాశారు గదండీ. బాకీ తీర్చుకొని వస్తానండి” అనెను.

గుడి తలుపునకు అంటించిన ఆ జాబితా వ్రాసినది నా చేయియే.

ఆ రాత్రి నేను పై భాగమును మరల చదివితిని. అరషెకెలు వసూలుచేయువారు కపెర్నహూములో పేతురును అడిగిరి. ఈ పన్నునకు మూలము నిర్గమకాండము 30వ అధ్యాయములో నున్నది. ఇరువది ఏండ్లు మొదలుకొని లెక్కింపబడిన ప్రతివాడును ఒకే మొత్తము ఇయ్యవలెను. ధనవంతుడు ఎక్కువ ఇయ్యకూడదు, బీదవాడు తక్కువ ఇయ్యకూడదు. దేవునియెదుట అందరి ప్రాణములకును వెల ఒక్కటే. ఎంత మంచి ఏర్పాటు! ప్రభువు దినములలో అది ఏటేట దేవాలయమునకు చెల్లు పన్నాయెను. కూలివానికి సుమారు రెండు దినముల కూలి. తూరు వెండి నాణెములలోనే చెల్లింపవలెను గనుక రూకలు మార్చువారి బల్లలు దేవాలయ ఆవరణములోనికి వచ్చెను. మార్చినందుకు మరల రుసుము! ఆ బల్లల గతి యేమాయెనో మీరెరుగుదురు. క్రీ.శ. 70లో రోమీయులు దేవాలయమును కాల్చివేసిన తరువాత యూదులయొద్ద అదే పన్ను రోములోని జూపిటరు గుడి పేర వసూలు చేసిరి. గుడి పోయినను పన్ను పోలేదు.

మన దేశములోను ఇట్టిది జరిగినది. పూరీ, గయ, ప్రయాగలకు పోవు యాత్రికులయొద్ద కుంఫిణీవారు పన్ను తీసికొనిరి. 1840లో చట్టము వచ్చువరకు అది పోలేదు. వారు క్రైస్తవులమని చెప్పుకొన్న దొరలే. గనుక ఈ విషయములో ఇతరుల గుళ్లవైపు వ్రేలు చూపుటకు మనకు నోరు లేదు.

భూరాజులు పన్ను ఎవరియొద్ద తీసికొందురు, కుమారులయొద్దనా అన్యులయొద్దనా అని ప్రభువు పేతురునడిగెను. రెడ్డిగూడెము, నూజివీడు తోటల నడుమ పెరిగిన మనకు ఇది వివరింపనక్కరలేదు. చిన్నరసాలు పండు దినములలో కాపలావాడు దారిన పోవువారిని అదలించును. తోటగలవాని పిల్లవాడు లోపలికి పరుగెత్తినప్పుడు అడ్డగించునా? ఆ పిల్లవాని చేతిలో దమ్మిడీ లేకపోయినను తోట వాని తండ్రిదే.

అయినను ప్రభువు చెల్లించెను. ఎవరికిని అభ్యంతరము కలుగకూడదని చెల్లించెను. చేప నోట దొరికిన నాణెము షెకెలు, అనగా ఇద్దరి పన్ను. తనది మాత్రము చెల్లించి పేతురును బాకీదారునిగా విడువలేదు. ఇన్నేండ్లు ఈ భాగమును బోధించియు, ఆ రెండవ సగమును నేను సరిగా చూడనేలేదు.

“అయ్యగారూ, ఇట్లు చెప్పినయెడల చందా ఎవరిత్తురు?” అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. గుడి కప్పు కారుచున్నది, కరెంటు బిల్లు వచ్చుచున్నది. అయితే 1912లో బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్యగారి దినములలో దోర్నకల్ అధ్యక్షఖండపు స్త్రీలు ఏమి చేసిరో తలంచుడి. వండుకొనునప్పుడెల్ల ఒక పిడికెడు బియ్యము దేవునికని వేరుగా తీసిపెట్టిరి. వారిలో అనేకులు కూలిజనమే. అది టోలుగేటు రుసుము కాదు. కూతురు పుట్టింటికి కొంగున కట్టి తెచ్చునట్టిది.

జాబితా చింపివేసితిని. కమిటీలో ఇద్దరు పెద్దలు ఒప్పుకొనలేదు. ఆ నెల చందా తగ్గినమాట నిజమే, దాచను.

తరువాతి సంస్కారమునకు మామ్మ ముందు వరుసలోనే వచ్చి చేతులు చాచెను. ఆరాధనానంతరము గుమ్మమునొద్ద నన్ను ఆపి, “అయ్యగారండీ, బాకీ మాత్రం అట్లాగే ఉందండి” అనెను.

“తెలుసు మామ్మా” అంటిని.