నిర్బంధ మితము – నియమ మితము

ఆకలి లేనివాడు ఉపవాసముండుట గొప్ప కాదు. అన్నము దొరకనివాడు కొంచెము తినుట నియమము కాదు. ఆకలియు ఉండి, అన్నమును ఎదుట ఉండి, ఇక చాలునని చేయి కడుగుకొనగలవాడే మితాహారి. ఈ మాట పాతదే. అయినను వైద్యశాస్త్రము తెచ్చిన ఒక క్రొత్త పరిస్థితి దీనిని మరల విచారింపజేయుచున్నది.

అతిస్థూలకాయము వలన మధుమేహము, రక్తపోటు, కీళ్లనొప్పుల పాలైనవారికి జీర్ణాశయమును చిన్నది చేయు శస్త్రచికిత్స నేడు పెద్ద నగరములయందు జరుగుచున్నది. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు బైపాస్ పద్ధతికి నాంది పలికెను. నేడు ఆ పద్ధతిలో జీర్ణాశయపు పైభాగమును సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిగా వేరుచేసి చిన్నప్రేవునకు కలుపుదురు. స్లీవ్ అను మరియొక పద్ధతిలో జీర్ణాశయమున నూటికి 75 నుండి 80 వంతులు తొలగింతురు. ఆకలిని రేపు ఘ్రెలిన్ అను హార్మోను అధికముగా పుట్టునది ఆ తొలగించిన భాగముననే. కావున తొలి మాసములలో రోగికి ఆకలి తక్కువ, తినదలచినను పట్టదు.

ఇట్టి చికిత్స పొందిన ఒక గృహిణి స్థితిని ఊహించి చూడవచ్చును. మొదటి సంవత్సరము నాలుగు చెంచాల పప్పన్నముతోనే ఆమె కడుపు నిండెడిది. బరువు వేగముగా తగ్గెను. బంధువులందరు ఆమె పట్టుదలను మెచ్చుకొనిరి. అయిదారేండ్లు గడచెను. ఆకలి మెల్లగా తిరిగి వచ్చెను. పూటకు పెద్ద భోజనము చేయకున్నను, తేనీటితో రెండు బిస్కట్లు, మధ్యాహ్నము గుప్పెడు కారప్పూస, సాయంకాలము తీపి కాఫీ అలవాటయ్యెను. ఇట్టివి చిన్న జీర్ణాశయమునుండియు సులువుగా జారిపోవును. కడుపు నిండినట్లు తోచదు. తగ్గిన బరువులో కొంత మరల వచ్చెను. పూర్వము మెచ్చుకొన్నవారే, “అంత డబ్బు పోసి కోయించుకున్నావు, నోరు కట్టుకోలేకపోయావా వదినా?” అనసాగిరి. ఆమె పెండ్లిండ్లకు పోవుట మానెను. సిగ్గుచే వైద్యుని వద్దకు పోవుటయు మానెను. ఈ రెండవది మొదటిదానికంటె ప్రమాదకరము.

ఇచట నైతిక ప్రశ్న పుట్టుచున్నది. బరువు మరల పెరుగుట ఆమె దోషమా?

దోషమే అనువారు ఒక సత్యమును మరచుచున్నారు. తగ్గిన బరువును తిరిగి సంపాదించుకొనుటకు దేహము తనంతట తానే యత్నించును. ఆకలి పెరుగును, దేహము ఖర్చుచేయు శక్తి తగ్గును. స్వీడను దేశమున 1987లో ప్రారంభమైన దీర్ఘ పరిశీలనయందు బైపాస్ పొందినవారు ఒకటి రెండు సంవత్సరములలో తమ బరువున సగటున నూటికి 32 వంతులు తగ్గిరి. పదవ సంవత్సరమునకు ఆ తగ్గుదల 25 వంతులకు వచ్చెను. అనగా కొంత బరువు తిరిగి వచ్చుట ఒకరిద్దరి బలహీనత కాదు, ఆశించదగినదే. మేలులో అధికభాగము నిలుచుటయు అంతే సత్యము.

అట్లయిన అంతయు దేహధర్మమే, చేయగలిగినది లేదు అనువారి మాటయు సరి కాదు. దోషము వేరు, బాధ్యత వేరు. వానకు ఇల్లు కురియుట గృహస్థుని దోషము కాకపోవచ్చును. కప్పు బాగుచేసికొనుట మాత్రము అతని బాధ్యతయే. నింద లేకుండ బాధ్యతను స్వీకరించుట సాధ్యము. నిజమునకు, నింద తొలగిననాడే బాధ్యత తేలికగా తలకెత్తుకొనబడును.

ఇంకను లోతుగా చూచినచో మరియొక విషయము తేటపడును. మొదటి సంవత్సరపు మితము చికిత్స విధించినది. దానికి లభించిన మెప్పు ఆమెకు పూర్తిగా చెందినది కాదు; కావున అది సడలినపుడు వచ్చిన నిందయు ఆమెకు పూర్తిగా చెందదు. తినగల శక్తి, తినవలెనను కోరిక తిరిగి వచ్చిన దినమున ఆమె పతనము కాలేదు. ఎన్నుకొను స్వేచ్ఛ ఆమె చేతికి తిరిగి వచ్చెను. నిజమైన నియమము ఆనాటినుండియే ఆరంభము కాగలదు.

ఆ నియమము కఠినమైనది కాదు. వేళకు భోజనము చేయుట, నడుమ చిరుతిండ్లు మానుట మొదటిది. పప్పు, పెసలు, పెరుగు, పనీరు వంటి మాంసకృత్తులుగల పదార్థములను ముందుగా తిని, పిమ్మట కూర, చివర కొద్ది అన్నమో జొన్నరొట్టెయో తినుట రెండవది. మెల్లగా నమలుట, భోజనముతో నీరు త్రాగక అరగంట ఆగుట, తీపి పానీయములను విడుచుట తరువాతివి. పస్తులుండి వెనుకటి బరువునకు పోవలెననుట మరియొక పొరపాటు. ఇట్టివారికి దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు సాధారణముగా సూచింతురు. బి12, ఇనుము, కాల్షియము, విటమిన్ డి జీవితాంతము వైద్యుని సలహాపై తీసికొనవలెను. శాకాహార కుటుంబములు బి12 విషయమున మరింత జాగరూకత వహింపవలెను. తరచు వాంతులైనను, బరువు త్వరగా పెరిగినను, సిగ్గుపడక వైద్యుని చూడవలెను. అందుకు చికిత్సలు కలవు.

లింగార్పితము చేసి ప్రసాదముగా భుజించు సంప్రదాయమున ఈ నియమమునకు చోటు ముందే కలదు. పళ్లెమునకును నోటికిని నడుమ ఒక క్షణము ఆగుట అందలి విశేషము. ఆ క్షణమున ‘ఇది ఆకలియా, అలవాటా’ అని విచారించుకొనవచ్చును. అయితే ప్రసాదము వృథా కారాదను నియమము చిన్న జీర్ణాశయముగలవారిని సంకటమున పడవేయును. వడ్డించినది విడువరాదు, తినను లేరు. దీనికి మార్గము ముందుగానే కొంచెము పెట్టించుకొనుట. ఆ పని తినువారొక్కరిది మాత్రమే కాదు. దాసోహమున వడ్డించువారు అడిగి వడ్డించుట, ఇండ్లలో “ఒక్క బొబ్బట్టుకు ఏమవుతుంది?” అని బలవంతపెట్టకుండుట, చాలునన్న మాటను మొదటిసారికే మన్నించుట కూడ సేవయే. ప్రేమతో పెట్టు చేయి ఎంత పవిత్రమో, ప్రేమతో ఆగు చేయియు అంత పవిత్రము.

లేత మొక్కకు కంచె కొంతకాలము కావలెను. వేరు మాత్రము మొక్కయే పెంచుకొనవలెను. పదేండ్ల తరువాతనైనను ఒక పూట వేళకు కూర్చుండి, పప్పుతో మొదలుపెట్టి, చాలునని లేచినవారు వెనుకకు పోయినవారు కారు. వారి మితాహారము ఆ పూటనుండి వారిది.