అలలు తొలగిన సముద్రపటము

నందిపర్వతసీమలో పుట్టి, హోసూరు ప్రక్కగా, కృష్ణగిరి జలాశయము మీదుగా ప్రవహించి, కడలూరు చెంత బంగాళాఖాతమున కలియు దక్షిణ పినాకిని మూలమున దక్క సముద్రముతో వేఱు చుట్టరికము లేని మెట్టనేల మాది. అట్టి సీమలో కూర్చుండి, డచ్చి చిత్రకారుడు పీట్ మోండ్రియాన్ 1915లో సముద్రమును గూర్చి రచించిన నలుపు తెలుపుల పటమును తలపోయుట వింతగా తోచవచ్చును గాని, అది లేవదీయు ప్రశ్న మన వేదాంతులకు చిరపరిచితము: రూపము లేనిదానిని రూపముచేత చూపుట యెట్లు?

ఆ పటమున నీలిమ లేదు, నురుగు లేదు, పడవ లేదు. తెల్లని తలముపై పొట్టి అడ్డుగీతలు, నిలువుగీతలు, అవి ఒండొంటిని ఖండించుకొనగా నేర్పడిన శిలువలు మాత్రమే యున్నవి. ఇందు సముద్ర మెక్కడ నని త్రోసిపుచ్చువారు, చిత్రకారుడు అచ్చటికి వచ్చిన దారిని విచారింపరు. అతడు 1909 నాటికే డోంబుర్గు తీరమున ఇసుకతిన్నెలను రంగులలో చిత్రించినవాడు. 1914లో పారిస్ నుండి స్వదేశమునకు వచ్చి, మహాయుద్ధము మూలమున అచ్చటనే చిక్కువడి, అవే కెరటములను, నీటిలోనికి చొచ్చుకొనిపోయిన కొయ్యగుంజల కట్టను మరల మరల గీచి, గీచినకొలది ఒక్కొక్క పోలికను విడిచినవాడు. అద్వైతులు చెప్పు అధ్యారోపాపవాదము సరిగా నిట్టిదే: శిష్యునికి అందుటకై తత్త్వముపై ధర్మములను ముందు ఆరోపించి, అతని చూపు నిలిచిన పిదప వానిని తొలగింతురు. ఆరోపమే లేనిచోట తొలగింపవలసిన దేమున్నది? రూపమును సేవింపకయే నైరూప్యమునకు ఉఱుకు చిత్రకారుని పటము శూన్యముగా నుండుటకు కారణ మిదియే.

మోండ్రియాన్ 1909లో దివ్యజ్ఞానసమాజమున చేరెను. దాని కేంద్రస్థానము మన మదరాసులో అడయారు నది కడలిని చేరుచోట నున్నది. నిలువుగీత అతనికి పురుషతత్త్వము, అడ్డుగీత స్త్రీతత్త్వము. అతడు వేదాంతము చదివి గీచెనని నే ననను. దారి ఒక్కటి యని మాత్రమే యందును.

హోసూరు కొండపై వెలసిన చంద్రచూడేశ్వరుని పురాణము జటాజూటమున చంద్రుని దాల్చినవానిగా వర్ణించును. గర్భగృహమందలి లింగమున ఆ జటయు లేదు, ఆ చంద్రుడును లేడు. అయినను కొండ నెక్కివచ్చిన తెలుగు, కన్నడ, తమిళ భక్తులలో ఎవ్వరును అచట పోలికను వెదకరు, ఏలయన పురాణము వారి చెవులలో ముందే యున్నది. పటము నెదుట నిలుచు ప్రేక్షకునికి అట్టి పురాణము లేదు. కావున నైరూప్యచిత్రములను ప్రదర్శించువారు, కడపటి పటమును ఒంటరిగా నిలుపక, దానికి దారితీసిన తొలి ఇసుకతిన్నెలను, నడిమి బొగ్గుగీతలను గూడ ఆ గోడమీదనే వ్రేలాడదీయవలెనని నా విన్నపము.