నీళ్ళు తగ్గిన చెరువు - మొదటి శీలం





మన కుందుర్పి వైపు ఏప్రిల్, మే నెలలు ఎట్లుంటాయో మీకు చెప్పాల్సిన పని లేదు. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్ల దాకా మాత్రమే వాన పడే జిల్లా మనది. ఆ కొంచెం కూడా పడని ఏండ్లు ఎన్నో చూశాం. చెరువు నిండి మరవ పారిన ఏడాదిని మన ముసలోళ్ళు పెండ్లిళ్ళకు, కాన్పులకు గుర్తుగా పెట్టుకొని లెక్క చెప్తారు. అట్లా ఎప్పుడో వచ్చిన నీళ్ళు ఉగాది దాటేసరికి తూము కిందికి దిగిపోతాయి. కట్ట పక్కన, తూము గుంతలో, మట్టి తవ్విన పల్లాల్లో నాలుగు మడుగులు మిగుల్తాయి. చెరువంతా తిరిగిన చేపలు ఆ నాలుగు మడుగుల్లోకే చేరతాయి. అప్పుడు గాలాలు, వలలు, బుట్టలు, బకెట్లు అన్నీ చెరువు దారి పడతాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఏప్రిల్ 14 వస్తుంది, వైశాఖ పున్నమి వస్తుంది. పొద్దున త్రిశరణం, పంచశీలం చెప్పిన నోటితోనే మధ్యాహ్నం "పెద్ద కొరమీను కనపడిందంట, పదరా" అంటాం. అప్పుడు మనకు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఊర్లో వాళ్ళు నవ్వుతా అడిగేది ఒకటి: "బౌద్ధం తీసుకున్నామంటారు, జీవహింస వద్దంటారు, మళ్ళీ చేపలు పడతారేమప్పా?" మన ఇంట్లో పిల్లలు నిజంగా తెలుసుకోవాలని అడిగేది రెండోది: "నాయనా, పాణాతిపాతా వేరమణి అంటే చేపలు కూడానా?" మొదటి ప్రశ్న వెనక ఎగతాళి ఉంది, రెండోదాని వెనక ధమ్మం ఉంది. రెండింటికీ జవాబు చెప్పుకోవాలి.

పిల్లల ప్రశ్న ముందు చూద్దాం. ఉదాన గ్రంథంలో ఒక చిన్న సంఘటన ఉంది. శ్రావస్తి నుంచి జేతవనానికి పోయే దారిలో కొందరు పిల్లలు చేపలను పట్టి బాధపెడుతుంటే బుద్ధుడు చూశాడు. వాళ్ళను తరమలేదు, శపించలేదు, ఏ కులం వాళ్ళని అడగలేదు. దగ్గరికి పోయి, నొప్పంటే మీకు భయమా, నొప్పి మీకు ఇష్టం లేదా అని అడిగాడు. భయమే, ఇష్టం లేదు అన్నారు పిల్లలు. మీకు ఇష్టం లేనిదాన్ని ఇంకొకరికి చేయొద్దని ఆయన చెప్పిన మాటల సారాంశం. అక్కడ దేవుడి ఆజ్ఞ లేదు, నరకం బెదిరింపు పెద్దగా లేదు. నీ ఒంటికి తెలిసిన నొప్పినే నీకు గురువుగా పెట్టాడు. కులం పేరుతో దెబ్బ తిన్న మనకు ఈ పాఠం కొత్తగా నేర్పాల్సిన పని లేదు. బలం లేని ప్రాణి మీద బలం ఉన్నవాడు సరదా తీర్చుకుంటే ఎట్లుంటుందో మన తాతలకు తెలుసు.

ఇప్పుడు ఎగతాళి ప్రశ్నకు వద్దాం. బుద్ధుడి కాలంలోనే దేవదత్తుడు ఐదు కఠిన నియమాలు పెట్టమని పట్టుబట్టాడు. అందులో ఒకటి, భిక్షువులు జీవితాంతం చేప, మాంసం ముట్టకూడదని. బుద్ధుడు ఒప్పుకోలేదు. తన కోసం చంపారని చూడకుండా, వినకుండా, అనుమానం లేకుండా ఉంటే భిక్షలో వచ్చిన చేపను గానీ మాంసాన్ని గానీ తినొచ్చన్నాడు. ఎందుకు? తిండితో మనిషి పవిత్రుడూ కాడు, అపవిత్రుడూ కాడు. మనసుతో, చేతతో అవుతాడు. ఈ దేశంలో ఏం తింటాడన్నదాన్ని బట్టి మనిషిని ఊరి బయట పెట్టారు. ఆ తూకం రాళ్ళతోనే ఇప్పుడు మన ధమ్మాన్ని తూస్తామంటే మనం ఎందుకు ఒప్పుకోవాలి? రాగిముద్దలోకి చేపల పులుసు పోసుకున్నంత మాత్రాన ఎవరి దీక్షా చెడిపోదు.

అయితే, ఇంతటితో ఆగిపోతే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల పట్ల దయ చూపుతాననే ప్రతిజ్ఞ ఉంది. 1957లో వచ్చిన "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో అహింస గురించి రాస్తా ఆయన ఒక గీత గీశారు. చంపాల్సిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు. అవసరం లేకుండా కోరికతోనే చంపడాన్ని బుద్ధుడు నిషేధించాడని ఆయన వివరణ. మంచీ చెడూ ఆలోచించుకునే భారాన్ని బుద్ధుడు మనిషి బుద్ధికే వదిలాడు. ఆ భారం మోయడమే శీలం. కాబట్టి చెరువు కట్ట మీద నిలబడి మనం అడగాల్సింది, "ఇప్పుడు నన్ను ఇక్కడికి తెచ్చింది అవసరమా, కోరికా?" అని.

ఈ తేడా చూడ్డానికి దూరదేశం ఉదాహరణ ఒకటి చెప్తాను. అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్ అనే చేప ఉంది. మన కొరమీను మాదిరి మాటు వేసి వేటాడే చేప. పెద్ద బాస్‌ను గాలానికి పట్టడం అక్కడ గొప్ప ఆట. సరస్సుల పక్కన బసలు కట్టి, నీళ్ళు తగ్గి చేపలు లోతు చోట్లకు చేరిన కాలం చూసి మరీ పోతారు. ఆ చేప రికార్డు 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే ఇరవై ఏండ్ల పేద రైతు బిడ్డ పేర పడింది. 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే మన లెక్కలో పది కేజీల పైచిలుకు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో ఒకాయన దాన్ని సమం చేసేదాకా ఇంకెవరూ అక్కడికి చేరలేదు. మరి పెర్రీ ఆ చేపను ఏం చేశాడు? తూకం వేయించి ఇంటికి తీసుకుపోయాడు. ఇంటిల్లిపాదీ వండుకొని తిన్నారు. అది అమెరికాలో ఘోరమైన ఆర్థిక మాంద్యం కాలం. ప్రపంచమంతా ట్రోఫీ అని పేరు పెట్టిన చేప ఆ ఇంట్లో కూర. ఆకలి దగ్గర అవసరం ఉంది. ఫోటో కోసం, పందెం కోసం, "నాదే పెద్దది" అనిపించుకోవడం కోసం పట్టే దగ్గర కోరిక ఉంది. పట్టి మళ్ళీ నీళ్ళలో వదిలేసినా లెక్క పూర్తిగా సరిపోదు. ఎండకు కాగి, గాలి తక్కువైన నీళ్ళలో పోరాడి అలిసిన చేప వదిలినాక కూడా చచ్చిపోవచ్చు.

మన చెరువుకు వస్తే, కొరమీను మొండి ప్రాణి. నీళ్ళలో గాలి తక్కువైతే పైకొచ్చి గాలి మింగి పోతుంది. మడుగు బురదగా మారినా కొన్నాళ్ళు బతుకుతుంది. అది పైకొచ్చే చోటు కనిపెట్టి, కప్పను ఎరగా గుచ్చి గాలం వేస్తారు. నాలుగైదు కేజీల చేప పడితే ఊరంతా చూడ్డానికి వస్తుంది. అయితే ఇంకొకటి కూడా చూడండి. కొరమీను తన పిల్లలకు కాపలా కాస్తుంది. ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా నీళ్ళ మీద తిరుగుతుంటే, తల్లీతండ్రీ కిందనే ఉండి వచ్చినదాని మీదికల్లా దూకుతాయి. అమెరికా బాస్‌లో మగ చేప గూడు కాస్తుంది. గాలానికి అది సులభంగా పడేది ఆ కోపంతోనే. అట్లాంటప్పుడు పట్టినామంటే ఒక చేపను పట్టినట్టు కాదు, వందల పిల్లలను పక్షులకు, పెద్ద చేపలకు అప్పజెప్పినట్టు. మెత్త సుత్తంలో తల్లి తన ఒక్క బిడ్డను కాచుకునే తీరునే మైత్రికి కొలతగా చెప్పాడు బుద్ధుడు. ఆ కొలత నీళ్ళ కింద కూడా కనపడుతుంది.

ఇంక గాలం వేసే ఓపిక కూడా లేని పద్ధతులు ఉన్నాయి. మడుగులో బ్లీచింగ్ పొడి చల్లడం, పురుగుమందు కలపడం, నాటు మందు పేల్చడం, కరెంటు తీగ వేయడం. 1897 నాటి భారత మత్స్య చట్టమే నీళ్ళలో పేలుడు పదార్థాలు వాడటాన్ని, విషం కలపడాన్ని నేరం అన్నది. ఉపాసకులు చేయకూడని ఐదు వ్యాపారాల్లో విషం వ్యాపారాన్ని బుద్ధుడు చేర్చాడు. అమ్మడమే తప్పైతే, పసులు తాగే చివరి మడుగులో కలపడం ఇంకెంత తప్పు! గుడ్డు, పిల్ల, కప్ప, కొంగ అన్నీ ఒక్క పూటలో పోతాయి. వచ్చే వానకు చెరువు నిండినా అందులో విత్తనం ఉండదు. పక్కన సీసా కూడా తెరిచి కూర్చుంటే ఒకటో శీలంతోపాటు ఐదో శీలం కూడా అదే కట్ట మీద పోయినట్టే.

ఆ ఐదు వ్యాపారాల్లో ప్రాణులూ, మాంసమూ కూడా ఉన్నాయి గదా, చేపలమ్మి బతికేవాళ్ళ మాటేంది అని మీరడగొచ్చు. వేరే భూమి, వేరే పని లేని కుటుంబం మీద వేలు చూపడానికి ధమ్మం లేదు. వాళ్ళకు ఇంకో బతుకుదారి చూపే బాధ్యత సంఘానిది, సమాజానిది. ఆ దారి చూపకుండా శీలం పాఠం చెప్తే అది కరుణ అనిపించుకోదు.

ఇప్పుడు అసలు సంగతి. నీళ్ళు తగ్గితే చేపల మధ్యే కాదు, మనుషుల మధ్య కూడా చోటు తగ్గుతుంది. సుత్తనిపాతంలోని అత్తదండ సుత్తంలో ఒకరి మీద ఒకరు కలబడే జనాన్ని బుద్ధుడు కొద్ది నీళ్ళలో కొట్టుకునే చేపలతో పోల్చాడు. చెరువు ఎవరిది, లీజు ఎవరిది, వేలం ఎవరు పాడారు, మా వాడలోవాళ్ళు గాలం వేస్తే ఎందుకు తరిమినారు అనే గొడవలు ఎండాకాలంలోనే లేస్తాయి. మన ప్రాంతంలో చాలా ఊళ్ళల్లో తూము తెరిచి మూసే నీరుగంటి పని దళితులే చేశారు. చెరువును రాత్రింబగళ్ళు కాచిన చేతులకే ఆ నీళ్ళ మీద హక్కు లేకుండా చేశారు. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు తాగింది దాహం తీరడానికి మాత్రమే కాదు, మనమూ మనుషులమేనని చెప్పడానికి. ఆ హక్కు కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. పదేండ్లు పోరాడారు, చెరువులో విషం మాత్రం కలపలేదు.

నీటి తగాదాలో ఎట్లా నిలబడాలో చెప్పే కథ బుద్ధుడి జీవితంలోనే ఉంది. రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులకు, కోలియులకు తగాదా వచ్చింది. శాక్య సంఘం యుద్ధానికి సిద్ధమైంది. సిద్ధార్థుడు లేచి అడ్డు చెప్పాడు, రెండు వైపుల నుంచి ఇద్దరిద్దరిని, వాళ్ళంతా కలిసి ఐదోవాణ్ణి ఎన్నుకొని తీర్పు చెప్పించుకుందామన్నాడు. ఓట్లలో ఓడిపోయాడు. యుద్ధానికి రానంటే కుటుంబాన్ని సాంఘికంగా బహిష్కరిస్తామని, భూములు లాక్కుంటామని బెదిరించారు. ఆయన ఇల్లు వదిలాడు గాని మాట వదల్లేదు. గృహత్యాగానికి బాబాసాహెబ్ ఇచ్చిన కారణం ఇదే. ధమ్మం మొదలైంది నీటి తగాదా దగ్గర అని గుర్తుపెట్టుకోండి.

ఇంకొక హెచ్చరిక. బక జాతకంలో ఎండిపోతున్న మడుగు దగ్గరికి కొంగ వస్తుంది. నిండు చెరువుకు మోసుకుపోతానని చేపలను నమ్మించి, ఒక్కొక్కదాన్నే తీసుకుపోయి తింటుంది. చివరికి ఎండ్రకాయ దాని మెడ పట్టుకున్నాకే ఆ మోసం బయటపడింది. నీళ్ళు తగ్గినప్పుడు మన ఊర్లకు కూడా కొంగలు వస్తాయి. చెరువు వేలం మీ పేరుతో పాడి లాభం వాళ్ళు తీసుకునేవాళ్ళు, బోరు వేయిస్తామని కాగితాల మీద వేలిముద్ర వేయించుకునేవాళ్ళు. మోసుకుపోయేవాడు ఎక్కడ దించుతాడో అడగకుండా ఎక్కొద్దు.

ఈ ఎండాకాలానికి ఈ ఐదు మాటలు మీ వాడలో చెప్పండి:

1. ఇంట్లో పొయ్యికి సరిపోయేంతే పట్టండి. పందానికి, ఫోటోకు పట్టొద్దు. పట్టినదాన్ని కొట్టుకుంటా వదిలేయకుండా వెంటనే ప్రాణం తీయండి.

2. ఎర్రపిల్లల గుంపు కనపడిన చోట గాలం వేయొద్దు. తూము దగ్గరి చివరి మడుగును విత్తనానికి, పసులకు వదిలేయండి.

3. విషం, పేలుడు, కరెంటు ఎవరు తెచ్చినా అడ్డం నిలబడండి, మనవాళ్ళయినా సరే.

4. చెరువు మత్స్యకార సంఘం లీజులో ఉంటే రాత్రిపూట దొంగతనంగా పోవద్దు. వాళ్ళూ మన మాదిరి కష్టజీవులే. హక్కు కావాలంటే పగటిపూట, గ్రామసభలో, అర్జీ రాసి అడగండి.

5. వైశాఖ పున్నమి రోజు చెరువుకు గాలం బదులు పార తీసుకుపోండి. పూడిక తీసిన ప్రతి తట్ట మట్టికీ వచ్చే వానలో అంత లోతు నీళ్ళు నిలుస్తాయి. చేపకూ మనకూ అదే దయ.

పిల్లవాడు "నాయనా, చేపలు కూడానా?" అని మళ్ళీ అడిగితే తప్పించుకోవద్దు. "అవును కొడకా, చేపలు కూడా. అందుకే ఆకలికి మించి పట్టం" అని చెప్పండి. ఆ జవాబు వాడి మనసులో నిలిస్తే, రేపు వాడి చేతికి బలం వచ్చినప్పుడు తనకంటే బలహీనులను ఎట్లా చూడాలో ఎవరూ నేర్పాల్సిన పని ఉండదు.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!