తిన్నింటి వాసాలు

పైచదువుకి దేశం దాటే ఆడపిల్ల సూట్‌కేసులో పచ్చడి సీసాలు, కారప్పొడితో పాటు ఒక ఫోన్ నంబరు కూడా ఉంటుంది. "వాళ్ళు మనోళ్ళే బిడ్డా, వాళ్ళింట్ల ఉంటే మాకు రంధి ఉండది" అని చెప్పి పంపుతారు. మా బీబీపేట లాంటి చోట ఈ మాటకి చాలా బరువు. ఇక్కడ ఆడపిల్ల కామారెడ్డికో హైదరాబాదుకో చదువుకి పోవడమే నిన్నమొన్నటి దాకా పెద్ద సంగతి. తల్లి చుట్టిన బీడీల పైసలు, తండ్రి గల్ఫ్ నుంచి పంపినవి, బ్యాంకు అప్పు అన్నీ కలిస్తే అమెరికా. అందులో అద్దె మిగులుతుందంటే ఎవరు వద్దంటారు? పైగా పిల్ల ఒకరి కనుసన్నల్లో ఉంటుంది.

2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుకున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి – ఇవన్నీ నేర్పేవాళ్ళు వీధికొకరున్నారు. పరాయి ఇంట్లో ఎలా బతకాలో మాత్రం ఎవరూ నేర్పరు. 'అణిగిమణిగి ఉండు' అంటారు, అంతే.

మా వైపు నుంచి వెళ్ళిన ఒక అమ్మాయి తన మాటల్లో చెప్పింది. మొదటి వారం అత్త ఆమెని కంచం కూడా ముట్టనివ్వలేదట. రెండో వారం "మనింటి పిల్లవే గదా" అని చిన్నదానికి జడలేసే పని అప్పజెప్పారు. దసరా నాటికి పొద్దున పిల్లల టిఫిన్ డబ్బాలు, సాయంత్రం వాళ్ళ హోంవర్కు, శనివారం వచ్చేపోయే చుట్టాలకి వంటలు, అన్నీ ఆమె మీదికే వచ్చాయి. అదే ఇంట్లో ఆర్నెల్లు ఉండివెళ్ళిన ఒక అబ్బాయికి ఈ 'మనింటి' హోదా దక్కలేదు. అతను చివరిదాకా చుట్టమే. తిన్న కంచం సింకులో పెట్టి చదువుకునేవాడు. "ఎవరూ నన్ను తిట్టలే, కొట్టలే. మరి ఏమని చెప్పాలె?" అని అడిగింది ఆ పిల్ల. అసలు చిక్కు ఈ 'ఏమని చెప్పాలె'లోనే ఉంది.

ఎందుకంటే చెప్పబోతే సామెత అడ్డం వస్తుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు. ఆశ్రయమిచ్చిన చోట లెక్క అడగడం కృతఘ్నత. మంచి నీతే. అన్నం పెట్టిన వాళ్ళని రచ్చకీడ్చేవాళ్ళని చూసి పుట్టిన సామెత కావచ్చు. కానీ లెక్క వేయొద్దని ఎవరికి చెబుతున్నామో చూడాలి. ఇచ్చేవాళ్ళు లెక్క వేసుకుంటూనే ఉంటారు: ఎయిర్‌పోర్టుకి ఎవరు వచ్చారు, మొదటి నెల సరుకులు ఎవరు తెచ్చారు. అది ఊరి దాకా చేరుతుంది కూడా. పుచ్చుకున్న పిల్ల పోసిన చాకిరీకి మాత్రం ప్రేమ అనే పేరు పెట్టి లెక్కలోంచి తీసేస్తాం. ఒకవైపే రాసే పద్దుని కృతజ్ఞత అని ఎలా అంటాం?

మనకి ఈ వ్యవహారం కొత్త కాదు. ఒకప్పుడు 'వారాలు' చేసుకుని చదువుకునేవాళ్ళు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట తిని పెద్దవాళ్ళయిన వారి ఆత్మకథలు తెలుగులో తక్కువేం లేవు. అది ప్రధానంగా బ్రాహ్మణ కుర్రవాళ్ళకి దొరికిన సదుపాయం. మిగతావాళ్ళు హాస్టళ్ళు కట్టుకోవలసి వచ్చింది. హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టల్ వచ్చింది. ఇక ఆడపిల్ల ఏడిళ్ళ గడపలెక్కి అన్నం తిని చదువుకోవడం అప్పటి ఊహకే అందదు. వారాల కథల్లో ఇంటాయన పేరూ ఉద్యోగమూ ఉదారతా ఉంటాయి. వండి వడ్డించినావిడ 'అన్నపూర్ణ' అయిపోతుంది. అన్నపూర్ణకి పేరుండదు, నడుం నొప్పీ ఉండదు.

అందుకే 'ఆతిథ్యమిచ్చే కుటుంబం' అన్న మాట మీద నాకు అనుమానం. కుటుంబం ఎప్పుడు ఆతిథ్యమిచ్చింది? ఇచ్చేది ఆ ఇంటి ఆడమనిషి. డాలసులోనో న్యూజెర్సీలోనో ఉన్న ఆ అత్త కూడా ఉద్యోగం చేసి వచ్చి, రెండో పూట వంటింట్లో నిలబడేదే. పిల్లని ఇంట్లో పెట్టుకుంటామని మాటిచ్చింది బహుశా మామ. ఆ మాట బరువు అత్త మీద పడింది. అత్త దాన్ని తనకంటే చిన్నదాని మీదికి జార్చింది. ఇద్దరాడవాళ్ళ మధ్య కోపతాపాలు నడుస్తుంటే మామ ఇద్దరికీ మంచివాడు. దీన్ని 'ఆడదానికి ఆడదే శత్రువు' అని తేల్చేసేవాళ్ళు ఆ ఇంట్లో అంట్లు ఎవరు తోమాలో ఎవరు నిర్ణయించారని మాత్రం అడగరు.

ఇంటి పనికి లెక్కుండదా అంటే, ఉంటుంది. అమెరికాలోనే 'ఓపేర్' అనే పద్ధతుంది. విదేశీ యువతులు ఒక కుటుంబంతో ఉండి వాళ్ళ పిల్లల్ని చూసుకుంటారు. రోజుకి 10 గంటలు, వారానికి 45 గంటలు మించకూడదని నిబంధన. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది. మన ఆడవాళ్ళు 'ఖద్దామా'లుగా వెళ్ళే కువైట్‌లో సైతం 2015 చట్టం రోజుకి 12 గంటల పరిమితి, వారానికో సెలవు రాసింది. అమలు సంగతి వేరే చెప్పాలి. అయినా కాగితం మీద ఒక అంకె ఉంది. 'మనింటి పిల్ల'కి ఆ అంకె కూడా లేదు. పైగా విద్యార్థి వీసా మీద ఉన్నామె బయట పనిచేయడానికి సవాలక్ష షరతులు. డబ్బు చేతికి రాకపోయినా, పనికి బదులు అద్దె మాఫీ అంటే అదీ జీతం కిందికి రావచ్చు. ఆ తగువు వస్తే వీసా పోయేది పిల్లకే, అత్తకి కాదు.

మరి వెళ్ళేవాళ్ళు ఏం చేయాలి? 1883లో వైద్యం చదవడానికి అమెరికా వెళ్ళిన ఆనందీబాయి జోషి గురించి చెబుతాను. న్యూజెర్సీలోని రోజెల్‌లో ఆమెని ఇంట్లో పెట్టుకున్నావిడ శ్రీమతి కార్పెంటర్. ఓడ ఎక్కడానికి ముందే ఆ ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిచాయి. హిందువుగానే వెళ్తాను, హిందువుగానే తిరిగొస్తానని సేరంపూర్‌లో అందరి ముందూ చెప్పి మరీ బయల్దేరింది ఆనందీబాయి. ఆ మాటలో మతం పట్టుదల నాకంత నచ్చదు. కానీ ఏం తింటానో, ఏం కట్టుకుంటానో, ఎక్కడ మారనో ముందే చెప్పేయడం నచ్చుతుంది. 1886లో డాక్టరై, 1887 ఫిబ్రవరిలో పుణేలో చనిపోతే, ఆమె చితాభస్మం కార్పెంటర్ కుటుంబానికి చేరి న్యూయార్క్ రాష్ట్రంలోని పకీప్సీలో వాళ్ళ శ్మశానవాటికలోనే ఉంది. ముందుగా మాట్లాడుకుంటే ఆప్యాయత చెడుతుందని భయపడేవాళ్ళకి ఇది చెప్పాలి.

కాబట్టి మాట్లాడాల్సింది ఇంటాయనతో కాదు, ఆ ఇంటావిడతో. అద్దె ఎంత, వంట ఎవరిది, పిల్లల్ని చూడాల్సి వస్తే వారానికి ఎన్ని గంటలు, పరీక్షలప్పుడు ఏమిటి, రాత్రి లైబ్రరీ నుంచి ఆలస్యంగా వస్తే తాళంచెవి ఎవరి దగ్గర, నా సంగతులు ఊళ్ళో ఎవరికి చెబుతారు. చివరిదే ముఖ్యమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే కాపలా ఫోన్లోనే నడుస్తుంది. అడిగినవన్నీ ఒక ఈమెయిల్‌గా రాసిపెట్టుకోవాలి. పాస్‌పోర్టు, ఐ-20 తన దగ్గరే ఉండాలి. "భద్రంగా దాస్తాం" అన్నా ఇవ్వక్కర్లేదు. ఇక కులం. 'శాకాహారులకే గది' అనే ప్రకటన సముద్రం దాటినా మాసిపోలేదు. దాని వెనకున్న ప్రశ్న మన పిల్లలకి ఊళ్ళోనే బాగా తెలుసు. సియాటిల్ నగరం 2023లో కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. అయితే అలాంటి చట్టం వంటింటి గట్టు దాకా వస్తుందని నమ్మి వెళ్ళొద్దు. ఏ కూర వండుకోవచ్చో ముందే అడగడం మేలు.

అలాగే పిల్ల కూడా అత్త చాకిరీని లెక్కలోకి తీసుకోవాలి. ఆమె పెట్టిన అన్నం ఆకాశం నుంచి రాలేదు. తన వంతు పని తను చేస్తూ, "మామయ్యా, ఈ అంట్లు మీవి" అని ఒక్కసారి నవ్వుతూ అనగలిగితే ఆ ఇంట్లో చాలా సంగతులు కదులుతాయి. అనలేకపోతే, మొదటి రోజు నుంచే ఇంకో చిరునామా రాసి పెట్టుకోవాలి: క్లాసులో ఒక స్నేహితురాలిది, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుది. ఒక నెల అద్దెకి సరిపడా డబ్బు విడిగా ఉంచుకోవాలి. వెళ్ళిపోవాలనుకున్నప్పుడు ఆ మాట అత్తకి తనే చెప్పాలి. ఆ తర్వాత బీబీపేటలో అమ్మకి ఫోన్ చేసి, అక్కడినుంచి ఇంకెవరి ఫోనో రాకముందే చెప్పాలి.