తోడు బాకీ

ఇంట్లో పెరుగు అయిపోతే పక్కింటికి పోయి "చిన్నమ్మా, ఇంత తోడుంటే ఇయ్యి" అని అడగడం మనకు కొత్త కాదు. ఆ చెంచాడు పెరుగును ఎవరూ తిరిగి ఇవ్వరు. ఇమ్మని ఎవరూ అడగరు. మరి అది బాకీయా, కాదా?

ఈ ప్రశ్న ఒక ఈగ గురించి చదివినప్పుడు నాకు మరింత బలంగా తోచింది. బంబుల్ బీ అనే బొద్దు తేనెటీగ మన పెద్దపల్లి వైపు కనిపించదు. (మన దూలాలను తొలిచే నల్ల తుమ్మెద వేరు.) హిమాలయాల్లోనూ, ఐరోపా వంటి చలి ప్రాంతాల్లోనూ అది బతుకుతుంది. అక్కడ చలికాలం వచ్చేసరికి పాత రాణి, పనిచేసే ఈగలు, మగ ఈగలు అన్నీ చనిపోతాయి. జతకట్టిన కొత్త రాణి ఒక్కటే మట్టిలో దూరి నెలల తరబడి నిద్రపోతుంది. చూడబోతే ఒంటరిది. కాని దాని పేగుల్లో సూక్ష్మజీవులున్నాయి. అవి గూటిలోని తోటి ఈగల మలం ద్వారా దానికి అబ్బినవి. అసహ్యించుకోకండి! ఆ మలం సోకని ఈగలకు క్రితీడియా అనే పేగు పరాన్నజీవి ఎక్కువగా పడుతుందని 2011లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు కోక్, ష్మిడ్-హెంపెల్ చూపించారు. నిద్రకాలంలో ఆ సూక్ష్మజీవుల్లో మార్పులు వచ్చినా ముఖ్యమైనవి నిలిచి, వసంతంలో పుట్టే కూతుళ్లకు చేరుతాయి. ఇచ్చినవాళ్లు ఎవరూ మిగలలేదు. తీసుకునేవాళ్లు అప్పటికి ఇంకా పుట్టలేదు.

మన దగ్గర తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి కొడుకులను చదివించిన తల్లులు ఎందరో. కొడుకుకు ఉద్యోగం వచ్చేనాటికి కొందరు తల్లులు లేరు. "అమ్మ ఉంటే బంగారంలా చూసుకునేవాణ్ణి" అంటాడు కొడుకు. ఆ మాట నిజమే కావచ్చు. అయితే చెల్లెలి బిడ్డ బడి ఫీజు అడిగినప్పుడు మాత్రం "నేను నా కష్టంతో పైకొచ్చాను" అంటాడు. అప్పిచ్చినామె చనిపోతే అప్పు కూడా చచ్చినట్టేనా? నాకు అలా తోచదు. ఈగకు తాను మోస్తున్నది ఏమిటో తెలియదు గనుక దానికి నిందా లేదు, మెప్పూ లేదు. ఇతనికి తెలుసు.

అలాగని సొంత పిల్లలను పస్తుపెట్టి ఇవ్వమని ఎవరూ అనరు. వసంతంలో రాణి కూడా ముందు తాను పూలతేనె తాగి బలం పుంజుకుంటుంది, ఆ తర్వాతే గూటికి చోటు వెతుకుతుంది. ఇల్లు పూర్తి కానివ్వండి అనే హక్కు ఇతనికీ ఉంది. కాని స్లాబు పడ్డాక పై అంతస్తు, అదయ్యాక పక్క ప్లాటు అంటూ పోతే, ఆ పిల్ల ఈలోపు బడి మానేసి చాట ముందేసుకుని కూర్చుంటుంది.